ముత్యాల గర్భం: చికిత్సా? గర్భస్రావమా?



"ఫాదర్‌గారూ, కడుపులో ఉన్నది బిడ్డ కాదు, వెంటనే తీసేయాలి అంటున్నారు డాక్టరమ్మ. తీయించుకుంటే పాపమా?" విచారణలలో గురువులకు అప్పుడప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవారు కొద్దిమందే. అడగనివారే ఎక్కువ. వారిలో కొందరు పాపమన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తారు. మరికొందరు చికిత్స చేయించుకుని, తాము చేసింది గర్భస్రావమేనని తమలో తామే తీర్పు చెప్పుకుని, ఏళ్ల తరబడి దివ్యసత్ప్రసాదానికి దూరంగా గుడిలో వెనుక వరుసలో కూర్చుంటారు. మొదటివారి ప్రాణానికి ముప్పు. రెండవవారి మనశ్శాంతికి ముప్పు. రెండూ అక్కరలేని నష్టాలే.

స్త్రీల వ్యాధి గురించి గురువు రాయడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కాని పాపమా కాదా అన్న ప్రశ్న గురువు దగ్గరకే వస్తుంది. జవాబు చెప్పవలసిన బాధ్యతా ఆయనదే. అందుచేత ఈ వారం ఈ సంగతిని మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

అసలు ఈ వ్యాధి ఏమిటి?

మామూలుగా తల్లి నుండి 23, తండ్రి నుండి 23 క్రోమోజోములు వచ్చి కలుస్తాయి. ఆ 46తో ఒక కొత్త జీవితం ఆరంభమవుతుంది. అందులో ఒక భాగం శిశువుగాను, మరొక భాగం ఆ శిశువును పోషించే మాయగాను రూపొందుతాయి. సుమారు వెయ్యి గర్భాలలో ఒకదానిలో ఈ క్రమం మొదటి అడుగులోనే తప్పుతుంది. అండంలో తల్లి తాలూకు క్రోమోజోములు లేకుండా పోయి, తండ్రి వైపువి మాత్రమే నిలుస్తాయి. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు 1977లో కనుగొన్నారు. అప్పుడు శిశువు ఏర్పడదు. మాయగా మారవలసిన కణజాలం మాత్రం నీటి బుడగల గుత్తిలా పెరిగిపోతుంది. చూడటానికి ముత్యాల్లా, ద్రాక్షగుత్తిలా ఉంటుంది కనుక ముత్యాల గర్భం అన్నారు. మాయ ఉంటుంది, బిడ్డ ఉండదు.

పైకి లక్షణాలన్నీ గర్భానివే. నెల తప్పుతుంది. వేవిళ్లు మామూలుకంటే ఎక్కువగా ఉండవచ్చు. పొట్ట నెలలకు మించి పెరగవచ్చు. గర్భపరీక్షలో చూసే హెచ్.సి.జి. అనే హార్మోను ఈ కణజాలం నుండి విపరీతంగా వస్తుంది గనుక పరీక్ష కూడా గర్భమనే చెబుతుంది. తరువాత రక్తస్రావం మొదలవుతుంది. స్కానింగు చేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

దీన్ని తీసివేయకపోతే తీవ్రమైన రక్తస్రావం కావచ్చు, రక్తపోటు పెరగవచ్చు. తీసివేసిన తరువాత కూడా నూటికి 15 నుండి 20 మందిలో కొంత కణజాలం మిగిలి మళ్లీ పెరుగుతుంది. అది గర్భసంచి గోడలోనికి చొచ్చుకుపోవచ్చు. కొందరిలో కోరియోకార్సినోమా అనే అరుదైన కాన్సరుగా మారి ఊపిరితిత్తులకు, మెదడుకు కూడా పాకవచ్చు. ఈ కాన్సరు మామూలు కాన్పు తరువాత గాని, గర్భం పోయిన తరువాత గాని రావడమూ ఉంది. కాన్పయి వారాలు గడిచినా రక్తం ఆగకపోతే, దగ్గులో రక్తం పడితే, "పచ్చి బాలింత కదా, మామూలే" అని ఇంట్లో కూర్చోకూడదు.

పేరును బట్టి కాదు, పనిని బట్టి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సంపూర్ణమైన ముత్యాల గర్భాన్ని తీసివేయడం గర్భస్రావమా?

కాదు. ఎందుకు కాదో కొంచెం ఆలోచించాలి. ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దానికి లోకం పెట్టిన పేరును బట్టి తేలదు. ఆ పని దేనిమీద, దేనికోసం జరుగుతోందన్నదాన్ని బట్టి తేలుతుంది. పునీత తోమా అక్వినాసుగారు నేర్పిన నీతిశాస్త్రంలో ఇది పునాదిరాయి. గర్భస్రావం పాపమని శ్రీసభ బోధించడానికి కారణం, అక్కడ ఒక నిర్దోషియైన మానవ జీవితం అంతమొందించబడుతుంది కనుక. సంపూర్ణ ముత్యాల గర్భంలో అలాంటి శిశువు ఏర్పడనే లేదు. గుండె లేదు, దేహం లేదు, పెరిగి మనిషి కాగల పిండం లేదు. ఉన్నది రోగగ్రస్తమైన కణజాలం. దాన్ని తీసివేయడం గడ్డను తీసివేయడం వంటిదే.

ఆసుపత్రి కాగితం మీద "అబార్షన్" అనే మాట కనిపించి హడలిపోయేవారున్నారు. వైద్యుల భాషలో, నెలలు నిండకముందే తనంతట తాను పోయిన గర్భానికి కూడా ఆ మాటే వాడతారు. మాట ఒకటే అయినంత మాత్రాన పని ఒకటి కాదు. ఇరుగుపొరుగువారు "కడుపు తీయించుకుంది" అని గుసగుసలాడుకుంటే, ఆ మాటలో పాపం మాట్లాడినవారిది.

అయితే ఒక జాగ్రత్త. "అది బిడ్డే కాదు కదా, ఎందుకేడుస్తావు?" అని ఆ తల్లిని గద్దించకండి. ఆమె పేరు ఆలోచించుకుంది. పుట్టింటికి కబురు పంపింది. ఆమె కోల్పోయింది ఒక ఆశను. ఆశ చచ్చిపోయినా దుఃఖం నిజమే. పాపం లేదని చెప్పడం ఎంత అవసరమో, ఏడవనివ్వడం కూడా అంత అవసరం.

బిడ్డ కూడా ఉన్నప్పుడు

అన్ని సందర్భాలూ ఇంత తేటగా ఉండవు. అసంపూర్ణ ముత్యాల గర్భం అని మరొకటి ఉంది. అందులో 46కు బదులు 69 క్రోమోజోములుంటాయి. పిండం కూడా ఉండవచ్చు. అది నెలలు నిండి బ్రతకడం దాదాపు జరగదు. ఇంకా అరుదుగా, కవలలలో ఒకటి ముత్యాల గర్భమై, రెండవది ఆరోగ్యవంతమైన శిశువై ఉండవచ్చు. అలాంటి గర్భాలను వైద్యులు జాగ్రత్తగా కనిపెట్టి చూడగా సజీవంగా పుట్టిన బిడ్డలున్నారు.

ఇక్కడ రెండు తప్పుడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "ఎలాగూ బ్రతకదు కదా, ఏం చేసినా ఫరవాలేదు" అన్నది ఒకటి. చనిపోబోయేవారిని చంపవచ్చునన్న నియమం ఎక్కడా లేదు. "తల్లికి ఏమైనా సరే, ఏ చికిత్సా చేయకూడదు" అన్నది రెండవది. శ్రీసభ అలా ఎన్నడూ బోధించలేదు.

తుఫానులో ఇల్లు కూలిందనుకోండి. తల్లి గుండెల మీద దూలం పడింది. దాన్ని ఎత్తకపోతే ఆమె చనిపోతుంది. ఎత్తితే దాని రెండవ కొస ఆమె పక్కనున్న బిడ్డవైపు ఒరుగుతుందని తెలుసు. మరో దారి లేదు. ఎత్తినవాడు బిడ్డను చంపాలనుకోలేదు. బిడ్డ మరణం వల్ల తల్లి బ్రతకడం లేదు, దూలం లేవడం వల్ల బ్రతుకుతోంది. అతడు హంతకుడు కాడు. కాని తల్లిని చేరుకోవడానికి బిడ్డను మెట్టుగా చేసి తొక్కినవాడి సంగతి వేరు.

ఈ భేదాన్నే రెండు ఫలితాల సూత్రం అంటారు. దీని మూలం తోమా అక్వినాసుగారి రచనలోనే ఉంది. నాలుగు షరతులున్నాయి. చేసే పని స్వతహాగా చెడ్డది కాకూడదు. కోరేది మంచి ఫలితాన్నే కావాలి. చెడు ఫలితం ద్వారా మంచిని సాధించకూడదు. ఆ నష్టాన్ని సహించడానికి తగినంత గొప్ప కారణం ఉండాలి. 1951 నవంబరులో 12వ పయస్ పోపుగారు ఈ విషయాన్నే స్పష్టం చేశారు. గర్భంతో నిమిత్తం లేకుండా తల్లి ప్రాణరక్షణకు అత్యవసరమైన ఆపరేషను జరిగి, కోరకపోయినా తప్పనిసరిగా శిశువు మరణిస్తే, అది శిశువుపై నేరుగా జరిపిన దాడి కాదని వివరించారు. గర్భిణికి గర్భసంచి ముఖద్వారంలో కాన్సరు వచ్చి, బిడ్డ బయట బ్రతకగల దశ వరకు ఆగడం సాధ్యంకానప్పుడు గర్భసంచి తీసివేయడం సెమినరీ తరగతులలో చెప్పే పాత ఉదాహరణ.

కనుక బిడ్డ ఉన్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి: బిడ్డ గుండె కొట్టుకుంటోందా? తల్లికి ముప్పు ఇప్పుడే ఉందా? కొన్ని వారాలు కనిపెట్టి చూడవచ్చునా? చేయబోయే చికిత్స దెబ్బతీసేది రోగాన్నా, బిడ్డనా? వీటికి జవాబులు ముందు డాక్టరుగారి దగ్గర తెలుసుకుని, ఆపైన మీ విచారణ గురువుతో మాట్లాడండి. పక్కింటివారి సలహాతో నిర్ణయించే విషయం కాదిది.

ఇటలీకి చెందిన పునీత జియాన్నా బెరెత్తా మొల్లాగారు స్వయంగా డాక్టరు. 1961లో నాలుగవ బిడ్డను మోస్తుండగా ఆమె గర్భసంచిలో గడ్డ కనబడింది. అది కాన్సరు కాదు. గర్భసంచినే తీయించుకోవడానికి నీతిశాస్త్రం అడ్డుచెప్పదు. అయినా ఆమె గడ్డను మాత్రమే తీయించుకుని బిడ్డను కాపాడుకున్నారు. 1962 ఏప్రిల్‌లో ఆడబిడ్డను కని, వారం రోజులకు మరణించారు. 2004లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అది వీరత్వం. వీరత్వాన్ని గౌరవించవచ్చు, ఇంకొకరి మీద విధించకూడదు. తన ప్రాణం తాను ఇస్తే త్యాగం. భార్య ప్రాణం భర్త, కోడలి ప్రాణం అత్తగారు ఇచ్చేస్తామంటే దానికి త్యాగమన్న పేరు తగదు.

భీమవరం మనిషి, ఒక మందు

కోరియోకార్సినోమా ఊపిరితిత్తులకు పాకితే ఒకప్పుడు దాదాపు మరణమే. ఆ స్థితిని మార్చిన మందు వెనుక మన తెలుగువాడున్నారు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. గర్భిణులకు ఈనాడు ఐరనుతో కలిపి ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే పద్ధతిని 1945లో సాధించింది ఆయన బృందమే. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే కనబడి, దాని పని జరగనీయకుండా అడ్డుకునే మందులను కూడా అక్కడే తయారుచేశారు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారు 1948లో మరణించారు. ఎనిమిదేళ్ల తరువాత, 1956లో, అమెరికాలోని బెథెస్డాలో డాక్టర్ మిన్ చియు లీ, డాక్టర్ రాయ్ హెర్ట్జ్ ఈ మందుతో కోరియోకార్సినోమా రోగులను బాగుచేశారు. కేవలం మందులతో నయమైన మొట్టమొదటి గడ్డ కాన్సరు ఇదే.

ఈనాడు తక్కువ ప్రమాదపు దశలో ఉన్నవారు దాదాపు అందరూ, ఎక్కువ ప్రమాదపు దశలో ఉన్నవారిలో కూడా పదిమందిలో సుమారు తొమ్మిదిమంది కోలుకుంటున్నారు. చాలామందికి గర్భసంచి తీయవలసిన అవసరమే రాదు. తరువాత ఆరోగ్యవంతమైన బిడ్డలను కన్నవారెందరో ఉన్నారు. ముత్యాల గర్భం మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి, రెండు మాత్రమే.

ఇదే మెథోట్రెక్సేట్‌ను గర్భాన్ని అంతం చేయడానికి వాడినవారూ ఉన్నారు. కీళ్లవాతానికి ఇదే మందు ఇస్తారు. మందులో పాపం లేదు, పుణ్యం లేదు. చేతిలోని కత్తిలాగే, దేనికోసం వాడుతున్నామన్నదే ప్రశ్న. కాన్సరుకు ఆ మందు రాసిచ్చినప్పుడు, ఎవరో ఏదో అన్నారని మానివేయకండి.

డాక్టర్ లీగారి కథలో ఇంకో పాఠం ఉంది. ఎక్స్‌రేలో గడ్డలు మాయమైన తరువాత కూడా రోగి రక్తంలో హెచ్.సి.జి. కొద్దిగా కనబడేది. అది పూర్తిగా పోయేదాకా మందు ఆపనని ఆయన పట్టుబట్టారు. అనవసరంగా విషం ఎక్కిస్తున్నాడని పైవారు అభ్యంతరం చెప్పారు. ఆయన ఉద్యోగం పోయింది. తరువాత తెలిసింది: మందు ముందే ఆపినవారికి కాన్సరు తిరగబెట్టింది, ఆయన రోగులు నిలిచారు. 1972లో ఆయనకు, హెర్ట్జ్‌గారికి లాస్కర్ పురస్కారం లభించింది.

మన ఇళ్లలో జరిగే పొరపాటు కూడా ఇదే. "రక్తం ఆగింది, ఒళ్లు తేలికపడింది, ఇక రక్తపరీక్షలెందుకు, బస్సు చార్జీలు దండుగ" అని మానివేస్తారు. ముత్యాల గర్భం తీసిన తరువాత హెచ్.సి.జి. మామూలు స్థాయికి వచ్చేవరకు వారం వారం, ఆ తరువాత డాక్టరు చెప్పినన్నాళ్లు నెలనెలా పరీక్ష తప్పనిసరి. దేవుడిచ్చిన శరీరాన్ని కాపాడుకోవడం పంచమ ఆజ్ఞలో భాగమే.

భర్తలకు ఒక మాట

ఈ పరీక్షల కాలంలో కొత్తగా గర్భం రాకూడదని వైద్యులు చెబుతారు. కారణం సులువు. గర్భం వస్తే హెచ్.సి.జి. పెరుగుతుంది, అప్పుడు అది బిడ్డదో వ్యాధిదో తెలియదు. కీమోథెరపీ అవసరమైనవారికి ఈ గడువు సాధారణంగా ఒక ఏడాది.

ఇక్కడ కతోలిక దంపతులకు నిజమైన కష్టం ఉంది. కృత్రిమ సంతాన నిరోధాన్ని శ్రీసభ అంగీకరించదు. సహజ పద్ధతులున్నాయి గాని, ఈ వ్యాధి తరువాత కొంతకాలం నెలసరి క్రమం తప్పుతుంది గనుక శరీర సూచనలను చదవడం కష్టమవుతుంది. శిక్షణ పొందినవారి సాయం లేకుండా వాటిమీద ఆధారపడకూడదు. మిగిలేది నిగ్రహం. ఆ భారం ఎవరిది? ఆమె ఇప్పటికే రక్తం, జుట్టు, నిద్ర, ఆశ పోగొట్టుకుంది. ఈ ఒక్క భారం భర్త ఎత్తుకోవాలి. పెండ్లినాడు పీఠం ముందు సుఖంలోను, దుఃఖంలోను, వ్యాధిలోను విశ్వాసంగా ఉంటానని మాట ఇచ్చింది ఇలాంటి ఏడాది కోసమే. ఆ మాట నిలబెట్టుకోవడం కష్టమైతే దంపతులిద్దరూ కలిసి గురువుతో మాట్లాడండి. దాచుకోకండి.

గర్భసంచి పోతే స్త్రీత్వం పోతుందా?

కొందరికి మందు పనిచేయకపోవచ్చు, రక్తస్రావం ఆగకపోవచ్చు. గర్భసంచి తీయక తప్పదు. అవయవం దేహం కోసం ఉంది, దేహం అవయవం కోసం లేదు. మొత్తాన్ని కాపాడటానికి భాగాన్ని వదులుకోవచ్చునన్నది తోమా అక్వినాసుగారి కాలం నుండి ఉన్న బోధన. 1968లో ఆరవ పౌలు పోపుగారు రాసిన హ్యుమానే వీటే విశ్వలేఖ కూడా, వ్యాధిని నయం చేయడానికి అవసరమైన చికిత్స వల్ల సంతానం కలగకుండా పోయినా, సంతాన నిరోధమే దాని ఉద్దేశం కానంతవరకు అది తప్పు కాదని చెబుతుంది.

శాస్త్రం ఇంత తేలికగా చెప్పినదాన్ని మన ఇళ్లు అంగీకరించవు. "గొడ్రాలు" అన్న మాట మన భాషలో ఇంకా బ్రతికే ఉంది. రెండో పెండ్లి మాట ఎత్తే అత్తింటివారు క్రైస్తవులలోనూ ఉన్నారు. వారు ఒక సంగతి తెలుసుకోవాలి. సంతానలేమి వివాహానికి అడ్డంకీ కాదు, వివాహాన్ని రద్దుచేసే కారణమూ కాదని 1983 నాటి శ్రీసభ చట్టం 1084వ నిబంధనలో స్పష్టంగా ఉంది. బిడ్డలు వివాహానికి వరం. బిడ్డలు లేని వివాహం కూడా వివాహమే. పూర్వవేదంలో ఎల్కానా తన భార్య అన్నా కన్నీళ్లు చూసి ఆమెను ఓదార్చాడే గాని, ఆమె లోపాన్ని ఎత్తిచూపలేదు.

అరుదైన రోగానికి అంత ఖర్చా?

చివరి ప్రశ్న డబ్బు. "వెయ్యిమందిలో ఒకరికి వచ్చే రోగం, ఇల్లు తాకట్టు పెట్టాలా?" అని అడుగుతారు. ప్రాణరక్షణకు సాధారణ సాధనాలు వాడటం విధి, భరించలేని భారమయ్యే అసాధారణ సాధనాలు విధి కావని 1957లో 12వ పయస్ పోపుగారు వివరించారు. మెథోట్రెక్సేట్ కొత్త మందు కాదు, ఖరీదైన మందూ కాదు. దానితో కోలుకునే అవకాశం ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని అసాధారణమనడం కుదరదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. 2007 నుండి ఆరోగ్యశ్రీతో మొదలైన ప్రభుత్వ పథకాలు పేదవారి కాన్సరు చికిత్స ఖర్చును భరిస్తూ వచ్చాయి. ఊళ్లోవాళ్లకు తెలియని రోగం గనుక దారి తెలియకపోవడమే పెద్ద ఆటంకం. ఆ దారి చూపడం విచారణ సంఘం పని. తోడుగా బస్సెక్కే ఒక మఠకన్య గాని, ఒక పెద్దమ్మ గాని దొరికితే సగం భయం తీరుతుంది.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టిన స్త్రీని మార్కు సువార్తలో మనం ఎరుగుదుము. ఆమె జబ్బు అందరూ దాచమనే జబ్బు. ఆమె వెనుకనుండి, గుంపు చాటున వచ్చింది. ప్రభువు ఆమెను మందలించలేదు. ముందుకు పిలిచి, కుమార్తె అని సంబోధించి, సమాధానంతో పంపారు. తొంభైతొమ్మిది గొర్రెలను విడిచి ఒకదాని కోసం వెళ్లిన కాపరి కూడా ఆయనే. వెయ్యిలో ఒకరు అన్న లెక్క మనది, ఆయనది కాదు.

కాబట్టి సోదరీమణులారా, ఈ వ్యాధి మీకు వచ్చిందని తెలిస్తే ఆలస్యం చేయకండి. పెద్ద ఆపరేషనుకు వెళ్లేముందు వ్యాధిగ్రస్తుల అభ్యంగన సంస్కారం అడిగి తీసుకోండి, అది చావుకు ముందు మాత్రమే ఇచ్చేది కాదు. ఇదివరకే చికిత్స చేయించుకుని, చేయని పాపాన్ని మోస్తున్నవారెవరైనా ఉంటే, ఈ వారమే మీ గురువు దగ్గరకు వెళ్లి జరిగింది జరిగినట్లు చెప్పండి. వచ్చే ఆదివారం వెనుక వరుసలోంచి లేచి, అందరితోపాటు సత్ప్రసాదానికి రండి.